మీకు తెలుసా? డీఎన్‌ఏ రిపోర్టులో విస్సన్నపేట ఎందుకు కనిపించదో!

విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు వైపు పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ ఇళ్లలో ఈ మధ్య ఒక కొత్త ముచ్చట మొదలైంది. పుట్టినరోజుకు స్నేహితులెవరో ఒక డీఎన్‌ఏ కిట్టు కానుకగా ఇస్తారు. అరగంట పాటు ఏమీ తినకుండా, తాగకుండా ఉండి, ట్యూబు మీద గీసిన గీత దాకా ఉమ్మి నింపి, మూత బిగించి, అందులోని మందునీళ్లు కలిసేలా ఊపి పోస్టులో పంపితే కొన్ని వారాలకు రిపోర్టు వస్తుంది. ఆదివారం వీడియో కాల్లో మనవరాలు రంగుల మ్యాపు చూపించి "అమ్మమ్మా, మనం దక్షిణ భారత, శ్రీలంక వాళ్లమట" అంటుంది. "శ్రీలంకలో మనకెవరున్నారే?" అని అమ్మమ్మ అడుగుతుంది. కొన్ని ఇళ్లలో నవ్వుకుని వదిలేస్తారు. కొన్ని ఇళ్లలో అనుమానాలు మొదలవుతాయి, తాతల నాటి గొడవలు పైకొస్తాయి. ఆ రిపోర్టు ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో ముందే తెలిస్తే సగం గొడవలు ఉండవు.

ఆ శాతాలు మన తాతముత్తాతల లెక్క కాదు

ఈ కంపెనీల దగ్గర మన పూర్వీకుల చిట్టా ఏదీ లేదు. వాళ్ల దగ్గరున్నవి ఈనాడు బతికున్న కొన్ని వేలమంది నమూనాలు. "మా తాతయ్యలు, అమ్మమ్మ, నానమ్మ నలుగురూ ఫలానా ప్రాంతం వాళ్లే" అని చెప్పినవాళ్లను గుంపులుగా పెట్టుకుని, మన డీఎన్‌ఏలో ఒక్కో ముక్క ఏ గుంపుకు ఎక్కువ దగ్గరగా ఉందో కంప్యూటర్ అంచనా వేస్తుంది. శాతమంటే ఆ అంచనాయే. 23అండ్‌మీ అనే కంపెనీ రిపోర్టుల్లో చాలాకాలం మనకు దక్కిన పెట్టె పేరు "సదరన్ ఇండియన్ అండ్ శ్రీలంకన్". తెలుగు, తమిళ, కన్నడ ప్రాంతాల నమూనాలను విడదీసి చెప్పేంత తేడా వాళ్ల లెక్కలో కనిపించనప్పుడు అన్నీ ఒకే పెట్టెలోకి వెళ్లాయి. అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు సమాధానం ఇదే. శ్రీలంకలో మనవాళ్లెవరూ లేకపోయినా ఆ పేరు వస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది, పక్కనున్న నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్లింది. సత్తుపల్లి తెలంగాణలోని ఖమ్మం జిల్లా. మన చుట్టరికాలన్నీ ఈ మూడింటి మధ్యే తిరుగుతాయి. ఊరి పేరు కాదు కదా, ఈ మూడు జిల్లాల్లో ఏదో ఒకటి చూపించే శక్తి కూడా ఇప్పుడున్న ఏ రిపోర్టుకూ లేదు.

నమూనాలు మారితే శాతాలు కూడా మారతాయి. 2018లో యాన్సెస్ట్రీ కంపెనీ తన నమూనాల సంఖ్యను 3,000 నుంచి 16,000కు పెంచింది. రాత్రికి రాత్రి లక్షలమంది కస్టమర్ల రిపోర్టులు మారిపోయాయి. కొత్తగా ఉమ్మి ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు, వాళ్ల డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారలేదు. 2019లో కెనడా టీవీ కార్యక్రమం 'సీబీసీ మార్కెట్‌ప్లేస్' ఇద్దరు కవల అక్కచెల్లెళ్ల ఉమ్మిని ఐదు కంపెనీలకు పంపింది. అచ్చుగుద్దినట్టు ఒకే డీఎన్‌ఏ ఉన్న కవలలు వాళ్లు. అయినా ఏ కంపెనీ లెక్క మరో కంపెనీ లెక్కతో కలవలేదు. ఒకే కంపెనీ ఇచ్చిన రెండు రిపోర్టుల్లో కూడా తేడాలొచ్చాయి. రెండు శాతం, మూడు శాతం అని ఏదో దూరదేశం పేరు కనిపిస్తే దానిమీద కథలు అల్లుకోవద్దన్నది నేను మా బంధువుల పిల్లలకు చెప్పే మొదటి మాట.

ప్రపంచ జన్యు పటంలో తెలుగువాళ్ల కోటా 102 మంది

2015లో 'నేచర్' పత్రికలో '1000 జీనోమ్స్ ప్రాజెక్ట్' తుది ఫలితాలు వచ్చాయి. 26 జనసముదాయాల నుంచి 2,504 మంది జన్యువులు చదివారు. వాటిలో ఒక సముదాయం పేరు 'ఐటీయూ', అంటే ఇండియన్ తెలుగు ఇన్ ద యూకే. మొత్తం 102 మంది. తమిళులకు ప్రతినిధులుగా తీసుకున్నది బ్రిటన్‌లో ఉంటున్న శ్రీలంక తమిళులను, గుజరాతీలకు ప్రతినిధులుగా అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్నవాళ్లను.

ప్రపంచంలో ఏ మూల ఏ శాస్త్రవేత్తకు తెలుగువాళ్ల డీఎన్‌ఏ కావాలన్నా ముందు వెతికేది ఈ 102 మందినే. వాళ్ల కణాలు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కామ్డెన్‌లో, కోరియల్ ఇన్‌స్టిట్యూట్ నిల్వలో ఉన్నాయి. పేర్లు ఎవరికీ తెలియవు. బ్రిటన్‌కు వెళ్లగలిగిన తెలుగువాళ్లు ఎలాంటి కుటుంబాల వాళ్లై ఉంటారో మనం ఊహించుకోవచ్చు. మామిడితోటలో కాయలు కోసే కూలీ, చెరువులో వలవేసే మనిషి, తండాలో మేకలు కాసే పెద్దాయన ఆ జాబితాలో ఉండే అవకాశం ఎంత? ఈ లోటు తీర్చడానికే మన ప్రభుత్వం 2020లో 'జీనోమ్ ఇండియా' మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ అందులో భాగస్వామి. దేశమంతటా సుమారు 10,000 మంది జన్యువులు చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. ఇంటికి వచ్చే కిట్ల కంపెనీలు మన గురించి మరింత సూటిగా చెప్పగలగాలంటే ఇలాంటి పని ఇంకా ఎంతో జరగాలి.

సొంత అన్నాచెల్లెళ్ల రిపోర్టులు వేరుగా వస్తే అమ్మను అనుమానించకండి

ప్రతి బిడ్డకూ తల్లి డీఎన్‌ఏలో సగం, తండ్రి డీఎన్‌ఏలో సగం వస్తుంది. కానీ అందరికీ అదే సగం రాదు. అన్నకు వచ్చిన ముక్క చెల్లెలికి రాకపోవచ్చు. సొంత తోబుట్టువుల మధ్య పోలిక సగటున 50 శాతమే. అందుకే అన్న రిపోర్టులో 4 శాతం ఉన్న ప్రాంతం చెల్లెలి రిపోర్టులో అసలు లేకపోతే కంగారు పడాల్సింది లేదు. చూడాల్సింది ప్రాంతాల మ్యాపు కాదు, బంధువుల జాబితా. అందులో ఇద్దరూ 'తోబుట్టువులు' అని కనిపిస్తే ఇక మాట్లాడటానికేమీ లేదు.

అమ్మమ్మే మేనత్త అయితే కంప్యూటర్ తికమకపడుతుంది

అమెరికా కంపెనీల బంధుత్వ లెక్కలు మేనరికం లేని సమాజాన్ని మనసులో పెట్టుకుని కట్టినవి. మన దగ్గర సంగతి వేరు. అక్క కూతుర్ని చేసుకున్న మేనమామలు మన వైపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అలాంటి దంపతులకు పుట్టిన బిడ్డను తీసుకోండి. ఆ బిడ్డకు అమ్మమ్మ ఎవరు? తల్లికి తల్లి. ఆమే తండ్రికి అక్క, అంటే బిడ్డకు మేనత్త కూడా. మామూలుగా అమ్మమ్మతో మనవడికి కలిసేది సగటున నాలుగో వంతు డీఎన్‌ఏ. మేనత్తతో కూడా నాలుగో వంతే. ఇక్కడ ఆ రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయి కాబట్టి కూడిక సగందాకా పోతుంది. కన్నతల్లితోనో తోడబుట్టిన అక్కతోనో కలిసేంత అన్నమాట. ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే తెరమీద ఏ బంధుత్వం పేరు పడుతుందో చెప్పడం కష్టం.

దీనికంటే ప్రమాదకరమైనది కుండమార్పిడి పెళ్లి. ఒక ఇంటి అన్నాచెల్లెళ్లు మరో ఇంటి అక్కాతమ్ముళ్లను చేసుకుంటారు. ఆ రెండు జంటల పిల్లలకు తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు అందరూ ఆ నలుగురే. మామూలు మేనత్త మేనమామ పిల్లల మధ్య కలిసేది ఎనిమిదో వంతు. వీళ్ల మధ్య నాలుగో వంతు కలుస్తుంది. తల్లి ఒకరై తండ్రి వేరైన పిల్లల మధ్య కలిసేదీ సరిగ్గా నాలుగో వంతే. కాబట్టి వీళ్లను చూసి కంప్యూటర్ "హాఫ్ సిబ్లింగ్" అనొచ్చు. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్లో ఈ మాట పడితే విస్సన్నపేటలో ఉన్న ఇద్దరు ముసలాళ్ల కాపురం మీద నీడ పడుతుంది. ఏ తప్పూ చేయని మనిషిని వయసు మీద పడ్డాక కొడుకులు నిలదీసే పరిస్థితి రావడం కంటే అన్యాయం ఏముంటుంది? అందుకే ఇలాంటి మాట తెరమీద కనిపించగానే ఎవరితోనూ అనకుండా, ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఎవరు ఎవర్ని చేసుకున్నారో కాగితం మీద రాయించుకోవాలి. సందేహం తీరకపోతే జన్యు నిపుణులను అడగాలి. ఇంటికి వచ్చే కిట్టు రిపోర్టు తీర్పు కాదు.

మేనరికాలు, ఒకే కులంలో తరతరాల పెళ్లిళ్లు ఉన్నందువల్ల మరో చిత్రం జరుగుతుంది. నాలుగో తరం బంధువులని చెప్పి మన రిపోర్టులో కనిపించేవాళ్లలో చాలామంది అసలు అంత దగ్గరివాళ్లు కారు. ఎనిమిదో తరంలోనో పదో తరంలోనో నాలుగైదు దారుల్లో కలిసి ఉంటారు. ఆ చిన్నచిన్న ముక్కలన్నీ కలిపి కంప్యూటర్ వాళ్లను దగ్గరికి లాక్కొస్తుంది.

ఇంటిపేరు ఒక దారి, వై క్రోమోజోము మరో దారి

తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము ఇంటిపేరు వచ్చే దారిలోనే వస్తుంది. కాబట్టి ఒకే ఇంటిపేరున్న దాయాదులందరికీ ఒకే వై ఉండాలని అనుకుంటాం. పిల్లలు లేక అన్న కొడుకును పెంచుకుంటే ఆ లెక్క చెడదు. చెల్లెలి కొడుకును దత్తత తెచ్చుకుంటే ఇంటిపేరు నిలబడుతుంది, వై మారుతుంది. రెడ్లలో, కమ్మవారిలో ఇల్లటం ఆచారాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో కోర్టులు కూడా గుర్తించాయి. కొడుకులు లేని ఇంట్లో అల్లుడు వచ్చి పొలం చూసుకుని, కొడుకులాగా వాటా తీసుకునేవాడు. ఇల్లు అదే, పొలం అదే, వై మాత్రం అల్లుడిది. ఇది మరక కాదు. నలుగురి ఎదుట, పెద్దల ఒప్పుదలతో జరిగిన పని.

ఇంకో సంగతి. పది తరాలు వెనక్కి వెళితే మన వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. వాళ్లలో సుమారు సగం మంది నుంచి మనకు డీఎన్‌ఏలో ఒక్క ముక్క కూడా వచ్చి ఉండదు. తరం మారినప్పుడల్లా కొన్ని ముక్కలు రాలిపోతుంటాయి మరి. మేనరికాలున్న ఇంట్లో 1,024 స్థానాల్లో ఒకే మనిషి రెండు మూడు చోట్ల కూర్చుంటాడు కూడా. పిచ్చుకుంట్లవాళ్లు ఇంటింటికీ వచ్చి గోత్రాలు, వంశాలు పాడినప్పుడు చెప్పే పేర్లలో ఉమ్మిలో దొరకని మనుషులు ఎంతోమంది ఉంటారు.

'కలవని' కులం తెలుగునాట దొరకలేదు

రిపోర్టు రాగానే కొందరు తమ కులం ఎక్కడినుంచి వచ్చిందో తేలిపోయిందని మురిసిపోతారు. 2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ కలిసి 25 సముదాయాల వాళ్ల డీఎన్‌ఏ పరీక్షించి 'నేచర్'లో ప్రచురించారు. అందులో మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు సముదాయాలవాళ్లూ ఉన్నారు. తేలిందేమిటంటే, ఇప్పటి భారతీయులు దాదాపు అందరూ రెండు పాత జనాల కలయిక. ఒక జనం పాళ్లు ఒకచోట ఎక్కువ, మరొకచోట తక్కువ, అంతే. 2013లో ఇదే బృందంలోనివాళ్లు ఆ కలయిక ఇప్పటికి 4,200 నుంచి 1,900 ఏళ్ల మధ్య జోరుగా సాగిందని తేల్చారు. ఆ తర్వాతే ఎవరికి వాళ్లు గిరిగీసుకున్నారు.

చెంచుల సంగతి ఇంకా ఆశ్చర్యం. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో 'ఆర్1ఏ' అనే వై క్రోమోజోము శాఖ పంజాబులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ల గుర్తు అని చాలామంది గొప్పగా చెప్పుకునే శాఖ అది. నల్లమల చెంచుల్లో కూడా అది 26 శాతం ఉంది. తేనె తీసుకుని, దుంపలు తవ్వుకుని బతికిన అడవిబిడ్డల్లో! ఒక్క అక్షరం, ఒక్క అంకె చూసి వంశగౌరవం లెక్కకట్టేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే నాకు సంతోషం.

రిపోర్టులో నచ్చినదాన్నే మనుషులు నమ్ముతారట

వెండీ రాత్, బ్యోర్న్ ఇవెమార్క్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఇలా పరీక్ష చేయించుకున్న 100 మంది అమెరికన్లతో మాట్లాడి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువమంది తమ గురించి ముందు ఏమనుకున్నారో తర్వాతా అదే అనుకున్నారు. మారినవాళ్లు కూడా తమకు ముచ్చటైన ముక్కనే తీసుకున్నారు, చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకుంటారనుకున్నదాన్నే పైకి చెప్పుకున్నారు. మన ఇళ్లలోనూ అంతే.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు కులం అడిగితే తప్పుపట్టినట్టు కాదు

ఆర్యవైశ్యులు రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ల కిందట చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగారని, ఆ తర్వాత బయటి పెళ్లిళ్లు దాదాపు లేవని 2009 అధ్యయనంలోనే బయటపడింది. అందువల్ల ఆ కొద్దిమందిలో ఎవరికో ఉన్న ఒక లోపం ఈనాడు చాలామందికి వచ్చింది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. దాన్ని విరిచేసే ఎంజైము ఒంట్లో ఉంటే కొన్ని నిమిషాల్లో ప్రభావం పోతుంది. ఆ ఎంజైము లోపించిన మనిషికి గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు. వెంటిలేటర్ సిద్ధంగా ఉంటే ప్రాణాపాయం లేదు, లేకపోతే ఉంది. ముందే చెబితే డాక్టరు వేరే మందు వాడతారు. ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత తెలివి, ఊపిరి ఆలస్యంగా వచ్చాయంటే ఆ సంగతి చిన్న ఆపరేషన్‌కైనా తప్పకుండా చెప్పండి.

ఇది ఒక్క కులం కథ కాదు. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన పరిశోధనలో దక్షిణాసియాలో ఇలా కొద్దిమంది నుంచి పెరిగిన సముదాయాలు 81 దొరికాయి. వాటిలో 14 సముదాయాల జనాభా పది లక్షలు దాటింది. మన ఇళ్లలో జన్యు పరీక్షకు అసలు ఉపయోగం ఇక్కడుందని నా నమ్మకం. శ్రీలంక శాతం తెలుసుకుని చేసేదేమీ లేదు. మేనరికం చేసుకోబోయే జంట ఇద్దరిలోనూ ఒకే లోపం ఉందో లేదో తెలిస్తే ఒక బిడ్డ బతుకు బాగుపడుతుంది.

డర్బన్‌లో తెలుగువాళ్లకు ఉమ్మి కంటే ఓడ రిజిస్టరు మేలు

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి 'ట్రురో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరకు తోటల పనికి అలా 1911 దాకా లక్షన్నర మంది వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఎక్కువే. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తోటల్లో ఇంటిపేర్లు పోయాయి, నాయుడు, రెడ్డి లాంటివే ఇంటిపేర్లుగా మిగిలాయి. ఐదో తరం పిల్లలు ఇప్పుడు కిట్టు కొంటే వాళ్లకూ దక్షిణ భారతమనే వస్తుంది. అదే ఓడ రిజిస్టరులో ముత్తాత నంబరు దొరికితే తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు అన్నీ ఒక్క వరుసలో ఉంటాయి.

మీరు ఇవ్వకపోయినా మీ డీఎన్‌ఏ బయటికి పోయి ఉండొచ్చు

2018లో అమెరికా పోలీసులు 'గోల్డెన్ స్టేట్ కిల్లర్' అనే హంతకుణ్ని పట్టుకున్నారు. అతను ఎక్కడా ఉమ్మి ఇవ్వలేదు. దూరపు బంధువులు ఒక వెబ్‌సైటులో పెట్టిన డీఎన్‌ఏ ఆధారంగా దొరికాడు. 2023లో 23అండ్‌మీలో దొంగలు పడ్డారు. సుమారు 14,000 ఖాతాల్లోకి దూరి, బంధువుల జాబితా ద్వారా 69 లక్షల మంది వివరాలు తోడుకున్నారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, తర్వాత వ్యవస్థాపకురాలు ఆన్ వొజిస్కీ పెట్టిన సంస్థ 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మీ అబ్బాయి కిట్టు వాడి ఉంటే ఉమ్మి నమూనాను నాశనం చేయమని, ఖాతా తీసేయమని సెట్టింగుల్లో అడగవచ్చని చెప్పండి. మన దేశంలో డీఎన్‌ఏ వాడకం మీద 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లును 2023 జులైలో వెనక్కి తీసుకున్నారు.

తండాల్లో ఎవరూ ఉమ్మి ఇవ్వనందువల్ల దొరకని తల్లులు

1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక దారుణం బయటపడింది. లంబాడీ తండాల్లో పుట్టిన ఆడపిల్లలను దళారులు కొద్దిపాటి డబ్బులిచ్చి తీసుకొచ్చి, హైదరాబాదులోని దత్తత కేంద్రాలకు చేర్చి, అక్కడినుంచి విదేశాలకు పంపారు. కాగితాల మీద చాలామంది పిల్లలు 'వదిలేసిన బిడ్డ'లయ్యారు. గీతా రామస్వామి ఈ విషయం మీద లంబాడీల మధ్య అధ్యయనం చేశారు. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్ 2005లో ఈ కుంభకోణాల మీద సుదీర్ఘమైన పరిశోధనా వ్యాసం రాశారు.

ఆ పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటిన మనుషులు. కాగితాల్లో తల్లి పేరు లేదు, ఉన్నా నిజమో కాదో తెలియదు. అలాంటి మనిషికి మిగిలిన దారి డీఎన్‌ఏ పరీక్షే. రిపోర్టు తెరిస్తే శాతాలొస్తాయి, మూడో నాలుగో తరం బంధువులని ఎవరెవరో అపరిచితులొస్తారు. కన్నతల్లి రాదు. ఆ తల్లి, ఆమె అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు ఎవరూ పరీక్ష చేయించుకోలేదు కాబట్టి పోల్చడానికి మనిషి లేడు. మన వైపు ఎ.కొండూరు మండలం తండాల్లోకి వెళ్లి చూసినవాళ్లకు తెలుసు, అక్కడ మందులకే డబ్బులుండవు, వేల రూపాయల కిట్టు ఎవరు కొంటారు?

తండాల నుంచి బిడ్డ పోయిందని చెప్పే తల్లికి, మేనమామకు ఎవరి ఖర్చూ లేకుండా పరీక్ష చేయించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. హైదరాబాదులోనే దేశంలో పేరున్న డీఎన్‌ఏ ప్రయోగశాలలున్నాయి. వివరాలు గోప్యంగా ఉంచి, రెండువైపులా ఇష్టపడితేనే కలిపే నియమం పెట్టుకుంటే సరిపోతుంది. మేనమామ ఒక్కడు ఉమ్మి ఇచ్చినా నాలుగో వంతు డీఎన్‌ఏ కలుస్తుంది. బంధుత్వం దాచలేనంత దగ్గర అది.